మైలుతుత్తం పొట్లం

మదార్ బతికున్నన్నాళ్లూ తిరువూరులో కళాయి లేని రాగిగిన్నెలో ఎవరూ పులుసు కాచే సాహసం చెయ్యలేదు. అంతలా హడలగొట్టి పెట్టాడు. రాగికి పట్టే చిలుము విషమనీ, అది కడుపులోకి పోతే మనిషి దక్కడనీ గిన్నెలకి కళాయి పూస్తూ ఇంటింటా చెప్పేవాడు. అందరికన్నా ఎక్కువసార్లు విన్నది పెళ్లాం ఖాసింబీయే. ఆయన పోయి రెండేళ్లయినా ఆ మాట ఆమె చెవిలోంచి పోలేదు.

ఇప్పుడామెకి ఉన్నవల్లా ఆరు సీమజాతి కోడిపిల్లలు. మాంసానికి పెంచమని సర్కారువాళ్లు ఇచ్చినవి. తూకానికి పెంచమన్నవాటికి ఈవిడ పేర్లు పెట్టుకుని కూర్చుంది. పొద్దున లేస్తే వాటితోనే కబుర్లు. వేరే ఎవరున్నారు గనక.

ఈమధ్య వాటి ఎర్రజుట్లు పాలిపోయాయి, కాళ్లు తడబడుతున్నాయి. శుక్రవారం శుక్రవారం సైకిలు మీద వచ్చే పశువుల ఆసుపత్రి కాంపౌండరు కృపానందం చూసి, ఒంట్లో రాగి చాలడం లేదన్నాడు. నీలంగా మెరిసే మైలుతుత్తం పొట్లమిచ్చి, అదీ రాగిదేననీ, రోజూ బియ్యపుగింజంత నూరి తవుడులో కలపమనీ చెప్పాడు. అంతకు మించితే ప్రమాదమన్నాడు. ఖాసింబీ బుద్ధిగా తలూపింది. ఆయన సైకిలు మలుపు తిరగ్గానే పొట్లాన్ని మదార్ పనిముట్ల పెట్టెలో పడేసింది.

ఆదివారానికి ఒక పిల్ల చచ్చిపోయింది. పెడితే చస్తాయని మొగుడి మాట, పెట్టకపోతే చస్తాయని కాంపౌండరు మాట. ఎవరిని నమ్మాలో చెప్పే మనిషి లేడు.

సోమవారం పొద్దున్నే బియ్యపుగింజంత మైలుతుత్తం నూరి, తన గంజిలో కలుపుకుని తాగేసింది. తాగి అరుగు మీద కూర్చుంది, ఏమవుతుందో చూద్దామని. నోరంతా చేదు, కడుపులో కాస్త తిప్పింది, అంతే. బెజవాడ బస్సు వెళ్లింది, తిరిగొచ్చింది. వీధిలో ఎంతోమంది పోయారు. ఏం బూబమ్మా, అలా కూర్చున్నావేమని ఒక్కరూ అడగలేదు. అందుకు ఏడుపొచ్చింది గానీ మందుకు కాదు. పొద్దు వాలాక బిస్మిల్లా అనుకుని తవుడులో మందు కలిపింది.

శుక్రవారం ఇదంతా విన్న కృపానందం సైకిలు స్టాండు వెయ్యడం కూడా మర్చిపోయాడు.

"నీకేమన్నా అయ్యుంటే?"

"అయితే మీకు తెలిసేదిగా సార్, వీటికి పెట్టకూడదని."

"నేనొచ్చేది వారానికోసారి బూబమ్మా. అప్పటిదాకా వీటికి నీళ్లు పోసేదెవరు?"

ఖాసింబీకి ఆ ఆలోచనే రాలేదు. తను పడిపోతే గూడు తలుపు తీసే దిక్కు కూడా లేదని అప్పుడు తట్టింది. మదార్ పోయాక ఆమె ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు.

"సోమవారం కూడా ఒకసారి రండి సార్," అంది తల వంచుకుని. "కోళ్ల కోసమే."