ఎడమ పక్క పాలు

సూది గుచ్చితే పాకుతుందట, అవనిగడ్డలో బస్సెక్కిన దగ్గర్నుంచి బందరు దాకా అత్తయ్య మార్తమ్మ అదే పాట, పాలగడ్డకి సూదేంటమ్మాయ్, కాపడం పెడితే కరిగేదానికి, అని, మూడు నెలలు పెట్టిందిగా కాపడం, పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన కొబ్బరినూనె కూడా రాసింది, ఎడమ రొమ్ములో ఉసిరికాయంత గడ్డ నిమ్మకాయంత అయింది, నొప్పి లేదు, నొప్పి లేనిది జబ్బెలా అవుతుందనుకుంది రూతు, ఎంత తెలివితక్కువది తను, ఇప్పుడీ ఆసుపత్రి బల్ల మీద పడుకుని ఎవరికి మొక్కాలో తోచక ఫ్యాను వంక చూస్తోంది, డాక్టరమ్మ చీటీ చూసి ఆగింది, పాలిస్తున్నావా అమ్మా, ఆ సంగతి ఇందులో రాయలేదే, రాయకపోతే పరీక్ష చేసేవాళ్లు పొరబడతారు, పాలిచ్చే రొమ్ములో మామూలు కణాలు కూడా ఒక్కోసారి కేన్సర్‌లా కనిపిస్తాయి, అంటూ తనే రాసింది, కేన్సర్, ఇంతవరకూ ఇంట్లో ఎవరూ పైకి అనని మాట, అయితే పాలే అయ్యుండొచ్చు, పాలే అని తేల్చు ప్రభువా, ఎనిమిది నెలల పిల్ల, అమ్మా అనడం కూడా రాలేదింకా, తను పోతే మొహమైనా గుర్తుండదు.

సూది దిగింది, చీమ కుట్టినట్టే, దీనికా ఇన్నాళ్లు భయపడింది, ఫలితం చెప్పడానికి శుక్రవారం మీ వీధి ఎస్టీడీ బూతుకి ఫోన్ చేయిస్తానంటోంది డాక్టరమ్మ, శుక్రవారం దాకా ఎలా బతకాలి, బయట పాప ఏడుస్తోంది, కుడి పక్క పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసింది, ఎడమ పక్క పాప తాగుతోందా అమ్మా, లేదండీ, ఎప్పట్నుంచి, ఊడ్పులప్పట్నుంచండీ, అన్నాక రూతు వేళ్ల మీద లెక్క చూసుకుంది, గడ్డ చేతికి తగిలింది ఊడ్పులయ్యాక కదా, పాప మానేసింది అంతకు ముందే, తగిలినప్పట్నుంచీ అత్తయ్య పోరు, బలవంతాన పట్టించమ్మాయ్, పిల్ల లాగితే కరుగుద్ది, తను తల పట్టుకుని అదిమేది, పాప ఒళ్లు విరుచుకుని మొహం తిప్పేసేది, ఒకరోజు విసుగొచ్చి చెంప మీద కొట్టింది కూడా, నాలుగు వేళ్లూ తేలాయి, డాక్టరమ్మ చీటీ మీద ఇంకో ముక్క రాసుకుంది, శుక్రవారం ఆ ఫోనులో ఏం చెబుతారో రూతుకి అప్పుడే అర్థమైంది, అందరికంటే ముందు పాపకి తెలిసింది, మాటలు రాక మొహం తిప్పి చెప్పింది, చెప్పినందుకు తను కొట్టింది.