నొప్పి సంగతి తర్వాత

సముద్రం ఒడ్డున ఉన్న మహ్దియా ఊళ్లో పొద్దున ఏడింటికి దలెందా ఇంట్లో ఫోను మోగిందంటే అది ఆడబడుచు మొంజియా దగ్గర్నుంచే. ఇద్దరూ ఒకరికొకరు నొప్పులు అప్పజెప్పుకునేవారు. దలెందాకు తొమ్మిదేళ్లుగా కీళ్లవాతం. వేళ్లు, మణికట్లు, మోకాళ్లు ఒక్కోరోజు ఒక్కోటి పట్టేస్తాయి. మొంజియాకు నడుము నుంచి మడమ దాకా ఒకటే లాగుడు. ఒకామె మోకాలంటే రెండో ఆమె పక్కటెముకలనేది. దలెందా భర్త తిజానీ రేవులో పడవలకు రంగులు వేస్తాడు. కాఫీ తాగుతూ ఈ మాటలు విని, "రేడియోలో వాతావరణం చెప్పేవాళ్లే నయం. అప్పుడప్పుడూ ఎండ కాస్తుందని కూడా చెబుతారు" అనేవాడు.

మార్చి నెలలో డాక్టరమ్మ రిపోర్టులు పక్కన పెట్టి, "ఇంతకన్నా తగ్గదమ్మా. పెరగకుండా మాత్రం చూసుకోవచ్చు" అంది. నెమ్మదిగానే చెప్పింది. అయినా దలెందా ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు ఫోను ఎత్తలేదు. ఆ తర్వాతి రోజూ ఎత్తలేదు. మూడో రోజు మొంజియా చేతికర్ర పట్టుకుని, దారిలో రెండు గడపల మీద కూలబడి లేచి, తనే వచ్చింది.

"ఉన్నావో పోయావో చూద్దామని వచ్చాను."

"ఇది జన్మంతా ఇలాగే ఉంటుందట వదినా."

"నాకు ఆ ముక్క పదేళ్ల కిందటే చెప్పారు. నీకు ఇప్పుడు చెప్పారు, అంతే తేడా." మొంజియా తనే కాఫీ పోసుకుని కూర్చుంది. "ఇదిగో, రేపట్నుంచి ఒక షరతు. ఫోనెత్తగానే నొప్పి మాట ఎత్తకూడదు. నిన్న బాగున్నది ఒకటి ముందు చెప్పాలి. చెప్పిందే మళ్లీ చెప్పకూడదు. ఎవరికి ముందు దొరక్కపోతే వాళ్లు రెండో ఇంటివాళ్లందరికీ చేపల కుస్కుస్ వండి పెట్టాలి. నొప్పి సంగతి తర్వాత."

"ఈ చేతులతో రవ్వ నలిపి కుస్కుస్ వండాలా!"

"అందుకే ఓడిపోకు."

మొదటి రోజు దలెందా విసుగ్గా, "పంపులో నీళ్లు గోరువెచ్చగా వచ్చాయి. వేళ్లు కాసేపు దాని కింద పెట్టుకున్నాను" అంది. మొంజియా, "ఎదురింటివాడు ఆ దిక్కుమాలిన మోటారుసైకిలు అమ్మేశాడు" అంది. అలా సాగింది. ఒకరోజు దలెందా, ఎవరి సాయం లేకుండా పండు మొత్తం ఒలుచుకుని తిన్నానంది.

"ఇది పోయిన వారమే చెప్పావు!"

"అది నారింజ వదినా. ఇది బత్తాయి."

"దొంగా!"

నొప్పి ఏమాత్రం తగ్గలేదు. కాకపోతే మర్నాటికి ఏం చెప్పాలా అని దలెందా పగలంతా కళ్లు తెరుచుకుని తిరగడం మొదలుపెట్టింది. కొన్ని సాయంత్రాలకు మూడు నాలుగు పోగయ్యేవి. వాటిలో ఏది చెప్పాలో తేల్చుకోలేక, అన్నం తినేటప్పుడు మొగుణ్ని అడిగేది. తిజానీ, "నా పేరు ఎందులోనైనా వస్తే అది చెప్పు" అనేవాడు.

ఏప్రిల్ చివర్లో ఒకరోజు తెల్లారేసరికి దలెందా పిడికిలి మూయలేకపోయింది. మోకాళ్లు నిప్పుల్లా ఉన్నాయి. ఫోను ఎలాగో మోచేత్తో దగ్గరికి లాక్కుని, "వాకిట్లో మల్లె పూసింది" అంది.

"నీ వాకిట్లో మల్లె ఎండిపోయి రెండేళ్లయింది కదే!"

దలెందాకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఏమీ లేదు వదినా. నిన్నంతా వెతికినా ఏమీ లేదు. ఓడిపోయాను. సరేనా?"

మొంజియా ఫోను పెట్టలేదు. "నిన్నటి సంగతి వదిలెయ్. ఇప్పుడు చూడు. నేను లైన్లోనే ఉంటాలే. నాకు మాత్రం ఏం పనుంది?"

అవతల గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. దలెందా పడుకునే గది నలువైపులా చూసింది. పగుళ్లిచ్చిన గోడ. కుర్చీ మీద మాసిన బట్టలు. మంచం పక్క స్టూలు మీద నీళ్ల గ్లాసు, ఒక సాసరు. సాసర్లో రెండు మాత్రలు. రేకు చించి, బయటికి తీసిపెట్టిన మాత్రలు. ఆ రేకును నొక్కడం తన వేళ్ల వల్ల కాదు. రోజూ పొద్దున లేచి ఆ రెండూ వేసుకుంటూనే ఉంది. వాటిని ఎవరు తీసి పెడుతున్నారని ఒక్కసారైనా అనుకోలేదు.

"వదినా, మీ తమ్ముడు పనికి పోయేముందు నా మాత్రలు రేకులోంచి తీసి పెట్టి పోతున్నాడు."

"మా తిజానీయేనా? చిన్నప్పుడు వాడి బూట్ల తాళ్లు కూడా నేనే విప్పేదాన్ని!"

ఇద్దరూ నవ్వారు. నవ్వితే దలెందాకు పక్కటెముకలు నొప్పెట్టాయి. అయినా ఆపలేదు.

సాయంత్రం అడిగితే తిజానీ గోళ్లలోని నీలం రంగు గీక్కుంటూ, "ఐదేళ్లయి ఉంటుందేమో. నువ్వు చూడలేదా?" అన్నాడు. దలెందా ఆ రంగు చేతిని తన వంకర వేళ్లతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

జులై చివర ఒకరోజు ఏడు దాటినా ఫోను రాలేదు. దలెందానే చేసింది.

"నా దగ్గర ఏమీ లేదే," అంది మొంజియా. గొంతు నీరసంగా ఉంది. "నాలుగు రోజుల్నుంచి మంచం దిగలేదు. నువ్వే గెలిచావు. పెట్టెయ్."

దలెందా చెప్పులేసుకుంది. ఆడబడుచు ఇల్లు నాలుగు వీధుల అవతల. ఈ మూడేళ్లలో అంత దూరం ఒంటరిగా నడిచింది లేదు. గోడలు పట్టుకుంటూ, రొట్టెల కొట్టు బల్ల మీద కూర్చుంటూ, మళ్లీ లేస్తూ వెళ్లింది. నలభై నిమిషాలు పట్టింది. చెమటలు కక్కుతూ గుమ్మంలో నిలబడిన మరదల్ని చూసి మొంజియా నోరు తెరిచింది.

"కుస్కుస్ అడగడానికొచ్చావా?"

"లే వదినా. ఔస్సూ మొదలైంది. ఏడు అలలు తీసుకుందాం పద."

ఔస్సూ అంటే నడివేసవిలో మండే నలభై రోజులు. ఆ ఎండల్లో ఏడు అలలు ఒంటి మీద పడనిస్తే ఏడాది జబ్బులన్నీ కొట్టుకుపోతాయని వాళ్ల అమ్మమ్మలు చెప్పేవారు.

"ఏడు అలలకు ఇది పోతుందా?"

"పోదు. పోతుందని ఎవరన్నారు? నీళ్లు చల్లగా ఉంటాయి, అంతే."

కబురు పంపితే తిజానీ వచ్చి, రంగు డబ్బాలు మోసే మూడు చక్రాల బండి మీద ఇద్దర్నీ సముద్రానికి తీసుకెళ్లాడు. "మరమ్మతుకు రెండు పాత పడవలు వచ్చాయి," అన్నాడు. "ముందు నోరు మూసుకుని దించు," అంది అక్క.

ఇసుకలో ఒక్కో అడుగూ ప్రాణం తీసింది. ఒకరినొకరు పట్టుకుని, కట్టుకున్న బట్టలతోనే నీళ్లలోకి దిగారు. మొదటి అల మోకాళ్లకు తగిలింది. రెండోది నడుము దాకా వచ్చింది. మూడోది మొంజియా తలగుడ్డ లాక్కుపోయింది. భుజాల దాకా మునిగేసరికి ఒళ్లంతా తేలిపోయింది.

"వదినా! నా మోకాళ్లేవి? కాళ్ల మీద బరువే తెలియట్లేదు!"

"నా నడుమూ లేదే!"

"నాలుగు!" అని అరిచింది దలెందా. "ఐదు!" అంది మొంజియా. చుట్టూ స్నానాలు చేస్తున్న ఆడవాళ్లు నవ్వుతూ వాళ్లతో గొంతు కలిపారు. ఏడు అనేసరికి తీరమంతా కేకలే. ఒడ్డు నుంచి తిజానీ, "ఏడయ్యాయి, రండి!" అని పిలిచాడు. "ఎనిమిది!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ముప్పై దాకా లెక్కపెట్టి బయటికొచ్చారు. ఇసుక మీద కాలు పెట్టగానే బరువు తిరిగొచ్చింది, నొప్పీ తిరిగొచ్చింది. రెండు వైపులా తిజానీ భుజాల మీద వాలిపోయారు. దలెందా ముఖం మీద ఉప్పునీళ్లు కారుతున్నాయి, కళ్లు మెరిసిపోతున్నాయి.

"రేపు ఎన్నింటికే?" అంది మొంజియా.

"పొద్దున్నే. జనం రాకముందే."

నలభై రోజుల ఔస్సూలో ఆ ఇద్దరూ ముప్పై నాలుగు రోజులు సముద్రంలో దిగారు. మిగిలిన ఆరు రోజులూ మంచం దిగలేకపోయారు.