సొరుగులో మోగిన ఫోను

సొరుగు తాళం తీసేసరికి ఫోనులో పద్నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అన్నీ 4417 నుంచే. అన్నీ నిన్న మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్యే.

ఆఫీసు గుమాస్తా రషీద్‌కు ఆ నంబరు తెలుసు. 4417 అంటే సొలొమోను. పాపన్నపేట దగ్గర, మంజీర ఒడ్డున కంపెనీ పంపుహౌసుకు కాపలా. నిన్న ఏరు పొంగింది. ఈ పొద్దున అతని శవం దొరికింది.

మెదక్ ఆఫీసు సిబ్బంది నలభై మందికీ కంపెనీ గ్రూపు సిమ్ములే. నాలుగంకెలు నొక్కితే గ్రూపులో ఎవరికైనా మోగుతుంది. గ్రూపులోంచి తీసేస్తే మోగదు. ఆ చేర్చడం, తీసేయడం రషీద్ పని. సూపర్‌వైజర్ నంబరు నుంచి మాట రానిదే ఎవరూ డ్యూటీ వదలకూడదు. ఆ సూపర్‌వైజర్ పోయిన వారమే బదిలీ అయ్యాడు. సిమ్ము సీటుది, మనిషిది కాదు. అందుకే కొత్తాయన వచ్చేదాకా ఫోను సొరుగులో పెట్టారు. నిన్న అది గంటసేపు మోగుతూనే ఉంది. తాళంచెవి రషీద్ జేబులోనే ఉంది. సీటు కాల్ సీటువాడే ఎత్తాలని ఊరుకున్నాడు.

మేనేజర్ బక్కయ్య వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"సొలొమోను నంబరు గ్రూపులకెల్లి తీసెయ్. శుక్రవారమే పని బంద్ జేసిండని కాగితం కొట్టు."

"నిన్నటిదాక డ్యూటీలనే ఉండె గద సార్."

"నీ కొలువు గూడ శుక్రవారమే పోయిందని రాయాల్నా?"

రషీద్ కంప్యూటర్‌లో 4417 తెరిచాడు. 'తొలగించు' మీద వేలు ఆగింది.

అప్పుడే సొలొమోను భార్య నవోమి లోపలికొచ్చింది. చెప్పులకు బురద.

"కంపెనీ ఫోను తడుస్తదని స్లాబు మీద పెట్టి నీళ్లల్ల దిగిండు సార్. గంతసేపు ఎందుకు ఆగిండో చెప్పుండ్రి."

"మీ ఆయన శుక్రవారమే మానేసిండమ్మా," అన్నాడు బక్కయ్య. "నంబరు గూడ తీసేసినం. ఆడికెందుకు పోయిండో మాకేం ఎరుక?"

రషీద్ సొరుగులోని ఫోను తీసుకున్నాడు. నాలుగంకెలు నొక్కాడు.

నవోమి సంచిలో ఫోను మోగింది.

ఆమె తీసి చూసింది. తెర మీద 'సూపర్‌వైజర్ సార్'. రషీద్ చేతిలోని ఫోను వైపు చూసింది.

"తీసేసిన నంబరుకు ఫోనెట్ల వస్తది భయ్యా?"

"తియ్యలేదమ్మా. పద్నాలుగు సార్లు జేసిండు, పోవాల్నా వద్దా అని." రషీద్ తల దించుకున్నాడు. "మోగుతుంటే నేను ఇనుకుంటనే ఉన్న."