చెయ్యి అందని మూల

కొండ మీది పరిశోధనశాల పెరట్లో పొగమంచు నుంచి నీళ్ళు పట్టే చట్రాలు రెండు పక్కపక్కనే నిలబడి ఉండేవి. ఒకటి అక్కడి పరిశోధకురాలైన ఆమె స్వయంగా పూత వేసిన రేకు. దాని మీది కంటికి ఆనని బొడిపెలు పొగమంచును పట్టి బొట్లు చేస్తే, బొడిపెల మధ్యనున్న నున్నటి పూత ఆ బొట్లను కింది తొట్టిలోకి జారవిడవాలి. రెండోది పోల్చి చూడడానికి కట్టిన మామూలు వల. దానికి ఆమె భర్త పెట్టిన ముద్దుపేరు సవతి.

ఇప్పుడా సవతిదే పైచేయి. వల కింది తొట్టిలో నీళ్ళు తొణికిసలాడుతుంటే, రేకు కింద అడుగు తడవడమే గగనమైపోయింది. బల్ల మీద పరీక్షించినప్పుడు బుద్ధిగా జారిన బొట్లు ఇక్కడెందుకు మొండికేశాయో ఆమెకు అంతుపట్టలేదు. గాలి దిక్కుకు తిప్పింది. వాలు పెంచింది, తగ్గించింది. బుర్ర వేడెక్కిందే తప్ప తొట్టి నిండలేదు.

మర్నాడు పెద్దసారు వస్తున్నాడు. ఊట ఎండిపోయిన కొండవాలు ఇళ్ళకు వల కట్టాలో, రేకు కట్టాలో ఆయనే తేలుస్తాడు. వల గెలిస్తే ఆమె ఇన్నేళ్ళ పని అటకెక్కినట్టే.

ఏం చెయ్యాలో పాలుపోక, రోజూ సాయంత్రం చేసే పనే మరింత శ్రద్ధగా చేసింది. అత్తగారిచ్చిన పాత దుప్పటి ముక్కను సబ్బు పెట్టి ఉతికి, పిండి, రేకును మెల్లగా తుడిచింది.

"పసిపిల్ల మూతి తుడిచినట్టు ఎంత ముద్దుగా తుడుస్తున్నావే!" అంది పెరటిని ఆనుకున్న వాళ్ళ ఇంటి గుమ్మంలోంచి అత్తగారు. "మా వాడి మొహం ఒక్కనాడైనా ఇంత శ్రద్ధగా చూశావా?"

"మీ అబ్బాయి మొహానికి దుమ్ము పట్టినా నష్టం లేదత్తయ్యా. దీనికి పడితే బొట్లు జారవు."

"మరి సవతిని ఎవరూ తుడవట్లేదుగా?"

నిజమే, తుడవట్లేదు. ఆ మాట ఆమె తలలో ఈగలా తిరిగింది గానీ ఎక్కడా వాలలేదు.

పొద్దున్నే పొగమంచు కమ్మేసింది. పెద్దసారు రెండు తొట్లలోకీ తొంగిచూశాడు. తర్వాత తలెత్తి రేకును పరీక్షగా చూశాడు.

"ఇదేంటమ్మా, ఆ పైమూలలో మాత్రం బొట్లు జారుతున్నాయి? కిందికొచ్చేసరికి అతుక్కుపోతున్నాయే! అక్కడ వేరే పూత వేశావా?"

"లేదండీ, అంతటా ఒకటే."

"మరి అక్కడ ఏం చేశావ్?"

ఏం చేసింది? ఆమె మునివేళ్ళ మీద లేచి చెయ్యి చాచింది. వేళ్ళు ఎక్కడ ఆగాయో సరిగ్గా అక్కడి నుంచే బొట్లు జారడం మానేశాయి. తీగ మీద ఆరేసిన దుప్పటి ముక్క వైపు చూసింది. దాని అంచున సబ్బు తెల్లగా చారలు కట్టి ఉంది. రోజూ తానే ఆ సబ్బును రేకుకు పూసింది! సిగ్గుతో మొహం ఎర్రబడింది. ఏమో తెలియదండీ అనేస్తే పరువు దక్కేది.

"అక్కడికి నా చెయ్యి అందలేదండీ," అంది. తర్వాత సబ్బు సంగతి కూడా చెప్పేసింది.

పెద్దసారు పకపకా నవ్వాడు. "ఇవాళ ఏదీ తేల్చను. కొత్త రేకు పెట్టు. ఈసారి దాని జోలికి పోకు."

కొత్త రేకు నిలబెట్టిన సాయంత్రం ఆమె అలవాటుగా పెరట్లోకి వచ్చింది. దాని మీద అప్పుడే దుమ్ము కనిపించింది. కాదు, నీడేమో. దుమ్మేనేమో. తుడవకుండా ఒక వస్తువును ఎలా చూసుకోవాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. వెళ్ళిపోబోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. చివరికి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది.