మామగారి పేరు పెట్టిన పురుగు

"ఫ్లెక్సీవాడు అడుగుతాండాడు, పురుగు ఫోటో ఒకటి పంపు" అన్నాడు ప్రేమ్ సాగర్, హిమజ పెనం మీద దోసె తిప్పుతుండగా. ఏ ఫ్లెక్సీ అంటే, ఆదివారం ఆళ్ళగడ్డలో నాయన షష్టిపూర్తి కదా, మంటపం ముందర కట్టేది అన్నాడు. ఒక పక్క నాయన ఫోటో, ఒక పక్క పురుగు ఫోటో. కింద పెద్దక్షరాలతో 'మా ఆదినారాయణ గారి పేరిట సముద్రంలో కొత్త జీవి'. హిమజ దోసె మాడిపోయింది.

ఆ పురుగులంటే ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఒక్కరికీ పడేది కాదు. నంద్యాలలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పుకుంటూ, ఒళ్ళంతా బిరుసు వెంట్రుకలుండే సముద్రపు పురుగుల మీద పీహెచ్‌డీ చేస్తోంది హిమజ. అందులోనూ పెరినీరిస్ అనే ఒక్క ప్రజాతి. స్పిరిట్ సీసాలు వంటింట్లో పెట్టకూడదు, పడగ్గదిలో పెట్టకూడదు. చివరికి బాల్కనీలో వాషింగ్ మెషీను పక్కన కాస్త చోటు దయచేశారు. ఆమె మైక్రోస్కోపు ముందు కూర్చుంటే చాలు, మొగుడికి తన సాక్సులు కనబడవు. అత్త కమలాక్షమ్మ వచ్చినప్పుడల్లా, చీదర లేని చదువేదీ దొరకలేదా నీకు అని ఒకటే సణుగుడు. హిమజ నవ్వి ఊరుకునేది. నవ్వి ఊరుకోవడంలో ఆమెకు ఎప్పుడో డాక్టరేటు వచ్చేసింది.

అసలు వాటిని ఏరడానికి కూడా ఆమెను పోనివ్వలేదు. ఇంటి కోడలు మోకాలిలోతు బురదలో దిగితే నలుగురూ ఏమనుకుంటారు? పురుగులే కదా, నేను తెస్తాలే అని ప్రేమ్ సాగరే స్నేహితులను కారెక్కించుకుని నెల్లూరు వైపు పోయాడు. హిమజ సవాలక్ష జాగ్రత్తలు చెప్పి పంపింది. ఈ పురుగును గుర్తుపట్టేది దాని గొంతును బట్టి. గొంతులో నల్లటి సన్న పళ్ళుంటాయి. ఏ చోట ఎన్ని ఉన్నాయి, గింజల్లా ఉన్నాయా, పట్టీల్లా ఉన్నాయా, అదీ లెక్క. బతికుండగానే మందు కలిపిన నీళ్ళలో మెల్లగా మత్తెక్కిస్తే గొంతు బయటికి వస్తుంది. తొందరపడి స్పిరిట్‌లో పడేస్తే లోపలికి ముడుచుకుని చస్తుంది. అంతా విని బుద్ధిగా తలూపిన పెద్దమనిషి, అక్కడ చేపల వేపుడు చల్లారిపోతోందని, పట్టినవి పట్టినట్టే స్పిరిట్‌లో గుమ్మరించి తెచ్చాడు. చచ్చేదానికి మత్తెందుకు అని నవ్వాడు కూడా.

ఇక చేసేదేముంది? ఒక్కోదాని గొంతూ కోసి చూసింది. అటొక పట్టీ, ఇటొక పట్టీ. మిగతా లక్షణాలతో కలిపి చూస్తే అలాంటి పురుగు గురించి ఎవరూ రాయలేదు. కొత్త జాతి అయ్యుండొచ్చు, ఇంకా చూడు అంది గైడు మేడమ్. సంతోషం పట్టలేక మొగుడికి చెప్పింది పిచ్చితల్లి. ఆ 'అయ్యుండొచ్చు', ఆ 'ఇంకా చూడు' నంద్యాల దాటకముందే రాలిపోయాయి. మాట ఆళ్ళగడ్డ చేరేసరికి పురుగు కొత్తది, పేరు మామది. తెచ్చింది నేనే కాబట్టి నువ్వు రాసే పరిశోధన పేపర్లో నా పేరూ ఉండాలన్నాడు ప్రేమ్ సాగర్. చీదర పురుగు రాత్రికి రాత్రి వంశోద్ధారకుడైపోయింది.

శనివారం పొద్దున ఎలాగూ చూడాలి కదా అని మిగిలిపోయిన సీసా తెరిచింది. అందులో ఒకటి, ఎలా తప్పించుకుందో మహాతల్లి, గొంతు పూర్తిగా బయటపెట్టి చచ్చింది. దాన్ని లెన్సు కింద పెట్టి చూసింది హిమజ. అటు రెండు పట్టీలు, ఇటు రెండు. కోసినవన్నీ మళ్ళీ తీసింది. ముడుచుకున్న కండ మడత కింద, అన్నిటిలోనూ, రెండో పట్టీ దాక్కుని ఉంది. ఎప్పుడో ఎవరో పేరు పెట్టేసిన పాత పురుగే. హిమజ ఏడ్చింది. మెషీను ఆగితే లేచి, బట్టలారేస్తూ ఏడ్చింది.

ప్రేమ్ సాగర్‌కు చెబితే తేలిగ్గా తీసేశాడు. "ఆ ఒక్కటీ పారేయ్. కోసినవే చూపీ. ఎవురికి తెలుస్తాది?"

హిమజకు తెలుస్తుంది. ఆ సంగతి అతనికి తట్టనే లేదు. రేపు నలుగురిలో నాయన పరువు తీశావా, చదువు ఆడికి బంద్ అని కూడా తేల్చేశాడు.

ఆదివారం ఫ్లెక్సీ కళకళలాడుతోంది. ఈమె ఫోటో పంపలేదని ఫ్లెక్సీవాడు నెట్లో వెతికి గొంగళిపురుగును వేశాడు, మామకు సమానంగా, అంతే సైజులో. ఇదేనా సముద్రంలోది, మా శనగచేన్లో కుప్పలుండాయి గదా అంది దొర్నిపాడు నుంచి వచ్చిన చిన్నత్త. అక్షింతలయ్యాక ఆదినారాయణ మురిసిపోతూ కోడలిని పిలిచి, ఆ పురుగు సంగతి రెండు ముక్కలు చెప్పమ్మా అని మైకు అందించాడు. ప్రేమ్ సాగర్ కళ్ళతోనే హెచ్చరించాడు. హిమజ అతని వైపు చూడకుండా మైకు అందుకుంది.

"అది కొత్తది కాదు మామా. నేను తప్పు చూసినా. పాతదే."

కమలాక్షమ్మే ముందు తేరుకుంది. "మరి ఇన్నేండ్లు ఏం చేసినట్టు మే?"

"తప్పు కనుక్కున్నా అత్తా."

ఆదినారాయణ కోడలి వంక చూశాడు, తర్వాత ఫ్లెక్సీ వంక. పోనీలే, ఆ గొంగళి పక్కన నిలబడేది నాకూ ఏం బాగాలేదు అన్నాడు. జనం గొల్లుమన్నారు. ప్రేమ్ సాగర్ మాత్రం నవ్వలేదు.

భోజనాల దగ్గర, మగవాళ్ళ మొదటి బంతికి వడ్డించమని హిమజ చేతికి పప్పు బకెట్టు ఇచ్చారు. ప్రేమ్ సాగర్ పక్కకు వచ్చి, రేపే ఆ సీసాలు చెత్తబండికి వేస్తానని పళ్ళు నూరాడు.

"వెయ్యండి. వాటితో పనైపోయింది. వచ్చే అమావాస్యకు సముద్రం బాగా వెనక్కి పోతాది. నేనే పోయి తెచ్చుకుంటా" అంది హిమజ.

కమలాక్షమ్మ చేతిలో నెయ్యి గిన్నె ఆగిపోయింది. "అమావాస్య పూట ఆడది ఒక్కతే యాడికి పోతాది?"

"సముద్రానికి" అంది హిమజ. పప్పు బకెట్టు మొగుడి చేతిలో పెట్టి, మొదటి బంతిలో ఖాళీగా ఉన్న విస్తరి ముందు కూర్చుంది.