కోడలి కోసం ఉపవాసం

"మాత్ర తిండెలా అవుతుంది? తిండి మానేస్తానని మొక్కుకున్నాను గానీ, మాత్ర మానేస్తానని అనలేదుగా," అంటూ అత్తగారు షుగరు మాత్ర నోట్లో వేసుకుని గుక్కెడు నీళ్ళు తాగింది.

"డీజిలు పొయ్యకుండా గేరు మార్చినట్టుంది నీ వరస," అన్నాడు మామగారు. బస్సు డ్రైవరుగా రిటైరై ఇన్నేళ్ళయినా ఆయనకి లోకమంతా బస్సే. "తింటే మాత్ర వేసుకో, లేకపోతే రెండూ మానెయ్. ఏమ్మా, నీకోసమేగా ఈ మొక్కు. నువ్వైనా చెప్పు."

గుమ్మంలో కూర్చుని పాపకి జడ వేస్తున్న కోడలు వేసిన పాయల్ని మళ్ళీ విప్పేసింది. "తినండత్తయ్యా," అంది.

"నీ కడుపున ఇంకో నలుసు పడనీ. ఆ రోజు చూడు ఎలా తింటానో."

భర్త గోడవైపు తిరిగి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఎంతసేపటికీ అవి పూర్తి కాలేదు.

పాప పుట్టినప్పుడు ఆగని రక్తస్రావంతో కోడలు చావు తప్పి బయటపడింది. ఇంకో కాన్పు ప్రమాదమని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. కానీ దేవుడు తెరిచే తలుపుకి మనుషులు గడియ పెట్టకూడదని వాళ్ళ ప్రార్థన కూటం పెద్దాయన మాట. రోజులు చూసుకుని దూరంగా ఉంటే తప్పులేదు, మందులూ వస్తువులూ మాత్రం పాపమని ఆయన లెక్క. భార్యాభర్తలు అలాగే రోజులు చూసుకున్నారు. ఒక నెల బహిష్టు ఆలస్యమైంది. ఆ ఎదురుచూపులో ఆమెకి కూర్చుంటే కుదురు లేదు, పడుకుంటే నిద్ర లేదు. ఆ గండం కాస్తా గడిచాక భర్తతో చెప్పి, కడుపు రాకుండా లూప్ వేయించుకుంది. "అమ్మకి నెమ్మదిగా నేను చెప్తాలే," అన్నాడతను. అతని నెమ్మదికి పాపకి నాలుగేళ్ళు నిండాయి.

మొన్న కూటంలో ఆడవాళ్ళంతా కోడలి తలమీద చేతులుంచి, ఈ బిడ్డ గర్భం తెరువమని వేడుకున్నారు. అందరి మధ్యా తనూ చేతులు జోడించింది. ఆ మర్నాడే అత్తగారు పగటి ఉపవాసాలు పట్టింది.

ఆ పొద్దున ఇంట్లో ఆ మాటలయ్యాక, తను పనిచేసే లాండ్రీలో ఆమె ఎవరిదో తెల్లచొక్కా కాలర్ మీద ఇస్త్రీపెట్టె అలాగే వదిలేసింది. "చెయ్యి ఇక్కడుంది గానీ మనిషివి ఎక్కడున్నావమ్మా?" అన్నాడు యజమాని, మాడిన కాలర్ ఎత్తి చూపిస్తూ. కాసేపు బయటికి వెళ్ళొస్తానని చెప్పి ఆమె తిన్నగా ఆస్పత్రికి నడిచింది. ఆ లూప్ తీయించేసుకుంటే ఈ అబద్ధమైనా పోతుంది. తర్వాత ఆ దేవుడే చూసుకుంటాడు.

నర్సు ఆమెని గుర్తుపట్టింది. "తీసెయ్యాలా? మళ్ళీ పిల్లలు కావాలనా?"

"మా అత్తగారు తిండి మానేశారండీ."

"నీకు లూప్ తీస్తే ఆవిడ ఆకలి తీరుతుందా?" అని నర్సు నవ్వబోయి ఆగింది. "నీ కాన్పు నాకింకా గుర్తుంది. వెళ్ళి ఆ బల్లమీద కూర్చో. డాక్టరమ్మ వచ్చేలోపు బాగా ఆలోచించుకో."

వెళ్ళి కూర్చుంది. లేచి కిటికీ దాకా వెళ్ళింది, తిరిగి వచ్చి కూర్చుంది, మళ్ళీ లేచింది. అంతలో ఫోను మోగింది. "మీ అత్త తేడాగా ఉందమ్మా. ఒళ్ళంతా చెమటలు. నా మాట వినదు," అన్నాడు మామగారు.

ఆమె పరుగున ఇల్లు చేరేసరికి అత్తగారు మంచానికి ఆనుకుని కూర్చుని ఉంది. చేతులు వణుకుతున్నాయి. మామగారు పంచదార నీళ్ళ గ్లాసు పట్టుకుని బతిమాలుతున్నాడు. ఆవిడ పెదవులు బిగించుకుంది.

కోడలు గ్లాసు అందుకుంది. "తాగండత్తయ్యా. పాపమేదైనా ఉంటే నాకు రానివ్వండి," అంటూ గడ్డం పట్టుకుంది. ఆవిడ ఒక గుక్క మింగింది, తర్వాత గ్లాసంతా. మెల్లగా వణుకు తగ్గింది. ఆ వెంటనే మామగారు ముద్దలు కలిపి ఇస్తే మారుమాట్లాడకుండా నాలుగు తింది. కబురందుకుని భర్త కూడా వచ్చేశాడు. పాప నానమ్మ ఒళ్ళో దూరింది.

మాట కూడదీసుకుని అత్తగారు మొట్టమొదట అన్నది, "మొక్కు భంగమైపోయింది. రేపట్నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి."

మామగారు తల పట్టుకున్నాడు. భర్త చెప్పులు విడిచిన చోటే నిలబడిపోయాడు. కోడలు అతనికేసి చూసింది. అతను వంగి చెప్పులు గోడవారకి సర్దడం మొదలుపెట్టాడు.

"మొదలుపెట్టకండత్తయ్యా," అంది కోడలు. "నాకు ఇంక పిల్లలు పుట్టరు. నేనే లూప్ వేయించుకున్నాను."

అత్తగారు కొడుకువైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

ఆవిడ పాప వీపు నిమురుతూ కోడలివైపు తిరిగింది. "దేవుడికో?" అంది.

"ఆయనకి రోజూ చెప్పుకుంటూనే ఉన్నాను. మీకే చెప్పలేకపోయాను." కోడలు ఖాళీ గ్లాసు కింద పెట్టి, పాపకి కూడా అర్థమయ్యేంత నిదానంగా అంది. "ఇవాళ తీయించుకుందామనే వెళ్ళాను. ఇక వెళ్ళను. తీయించుకోను. మనింటికి పిల్లంటే ఇదొక్కతే."