బండికి ఉబ్బరం

మా బాపు రామ్‌చందర్‌కు ఒక జబ్బుంది. ఫోన్లో ఒక్క వీడియో చూస్తే చాలు, ఆ పని తనకు పుట్టుకతో వచ్చేసినట్టే. పోయిన నెల సీలింగ్ ఫ్యాన్ విప్పి బిగించాడు. ఇప్పుడది స్విచ్ ఆపినా తిరుగుతుంది. నిన్న నా బండి ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ మీద పడ్డాడు.

"రేపు నీకు లైసెన్స్ టెస్టు గదా తనూజా, బండి ఫ్రెష్‌గ ఉండాలె" అంటూ పాతది పారబోశాడు. కొత్తది రేడియేటర్ అంచుదాకా పోసి, మూత బిగించి చేతులు దులుపుకున్నాడు.

ఆ టెస్టు నాకు మూడోది. రెండుసార్లూ ఎనిమిది ఆకారంలో తిప్పుతూ కాలు కింద పెట్టేశాను. మూడోసారీ తప్పితే బండి తన తమ్ముడు మహేష్ కాకకు ఇచ్చేస్తానని బాపు అందరిముందూ మాటిచ్చాడు. నా జీతంతో కొన్న బండి! నేనూ రోషం కొద్దీ "సరే" అనేశాను. నా నోరే నాకు శత్రువు.

పొద్దున తొమ్మిదింటికి కాస్త ప్రాక్టీసు చేద్దామని ఛత్రినాక దాకా వెళ్లానో లేదో, మీటర్‌లో వేడి చూపించే గీతలన్నీ వెలిగాయి. ఆపైన ఎర్ర లైటు. బండి దిగి గౌలిపురలో మా ఇంటిదాకా తోసుకొచ్చాను. టెస్టు పదకొండున్నరకు.

మహేష్ కాక అప్పటికే మా వాకిట్లో ఉన్నాడు, చేతిలో కొత్త హెల్మెట్‌తో.

"గ్యాస్కెట్ పోయింది" అని బండిని ముట్టుకోకుండానే తేల్చేశాడు. "గిది నీతోని గాదు బిడ్డా. నాకియ్యి, నేను జూస్కుంట."

"నిండ పోసిన రా! నా కండ్లతోని జూసిన!" అని బాపు లొల్లి. "కావాల్నంటే మూత తీస్త, సూడు!"

"ఆగు!" అని పశువుల కొట్టంలోంచి మా నానమ్మ శారదమ్మ కేక వేసింది. పేడ చేతులతోనే వచ్చింది. "వేడి మీద నోరు తెరిపిస్తవా? మొకం మీద కక్కుతది."

బండి పక్కన కూర్చుని చెవి ఒగ్గింది. లోపల గుడగుడమంటోంది.

"ఎంతసేపట్ల పోసినవ్?"

"ఒక్క నిమిషంల" అన్నాడు బాపు గర్వంగా.

"పచ్చగడ్డి ఆబగ మేసిన బర్రె లెక్క ఉబ్బింది. కడుపుల గాలి వట్టింది. చల్లారినంక ముందరి కాళ్లు ఎత్తు మీద వెట్టి, నోరు తెరిచి వెట్టు. తేన్పులొస్తయ్."

"అమ్మా, గిది బర్రె గాదే!"

"బర్రె అయితే అరిచి చెప్పేది. గిది పాపం ఎర్ర లైటు వెట్టింది."

కాక పగలబడి నవ్వాడు. నేనూ నవ్వేదాన్నే, కానీ గడియారం చూసుకుంటే నవ్వు రాలేదు. ఉబ్బిన బర్రెల్ని నానమ్మ బతికించడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. బాపు బాగుచేసిన ఫ్యాన్నీ చూస్తున్నాను. నానమ్మ మాటే విన్నాను.

ముప్పావుగంట ఆగాం. బర్రెలు కొట్టంలోకి ఎక్కే రాతివాలు మీదికి బండిని తోసి, ముందు చక్రం పైకి పెట్టాం. కాక హెల్మెట్ పక్కన పెట్టి వెనక పట్టుకోక తప్పలేదు. మూత తీసి ఇంజిన్ స్టార్ట్ చేశాను. నానమ్మ చేతులు కడుక్కుని, రేడియేటర్ రబ్బరు పైపును కింది నుంచి పైకి, పాలు పిండినట్టే, ఒత్తుతూ వచ్చింది.

బుడగ లేచింది. ఇంకొకటి. తర్వాత "గుప్" మని పెద్ద తేన్పు! అంచుదాకా ఉన్న కూలెంట్ కంటికి కనబడనంత లోతుకు దిగిపోయింది.

"మెల్లగ పొయ్యి" అంది నానమ్మ. బాపు సన్నటి ధారగా పోశాడు. పెద్ద గ్లాసెడు పట్టింది. బుడగలు ఆగాక మూత బిగించి, "నిండింది అనుకున్న. గాలి గూడ నిండింది" అన్నాడు చిన్నగా. బాపు తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు.

టెస్టు దగ్గర నా కళ్లు వేడి గీతల మీదే. మూడు దాటకూడదు తల్లీ, మూడు దాటకూడదు అనుకుంటూ తిప్పాను. ఎనిమిది గురించి భయపడే తీరికే దొరకలేదు. గీతలు మూడు దాటలేదు, నా కాలు కింద పడలేదు.

ఇంటికొచ్చి "పాసైన!" అని అరిచాను. బాపు కళ్లు తుడుచుకున్నాడు. కాక హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని వాకిట్లోనే కూర్చున్నాడు.

"పెట్రోల్ పోయించుకొస్త" అన్నాను.

"ఉబ్బరం తగ్గిన గొడ్డు ఒక పూట పస్తుండాలె" అంది నానమ్మ. "ఇయ్యాల ఏం పొయ్యకు."

గిది బర్రె గాదే అంటాడేమోనని బాపు వైపు చూశాను. బాపు నా చేతిలోంచి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"నానమ్మ చెప్పింది గదా బిడ్డా, రేపు పొద్దున పోదం" అని, కాక వైపు చెయ్యి చాచాడు. "మహేషూ, ఆ హెల్మెట్ ఇటియ్యి రా. ఎనక కూసునేది నేను."